దుప్పట్ల రంగు

ఐదో డిస్కు అయిపోయి తెర మీద మళ్ళీ మొదటి మెనూ పట్టిక వచ్చి నిలబడింది. దాని వెనకాల అదే ట్యాంకు అదే బురద గుంటలోంచి లేస్తూ, సగంలో తెగిపోయి, మళ్ళీ కిందనుంచి లేస్తూ ఉంది. తోడుగా బాకాల సంగీతం, ఇరవై సెకన్లకొకసారి తెగి మళ్ళీ మొదలయ్యే సంగీతం. ఎంతసేపట్నుంచి వింటున్నాడో అతనికే తెలియలేదు. గడియారం నాలుగు దాటింది. ఐదున్నరకి పేజీ ప్రెస్సుకి వెళ్ళిపోతుంది. పొద్దున్నే ఎడిటర్ ఫోన్ చేశాడు, "మాస్టారూ, ఈ నెల రెండు కాలమ్స్ పూర్తిగా మీకే వదిలేశాను, రంగుల సంగతి బాగా రాయండి, జనం అదే అడుగుతున్నారు" అని. రంగుల సంగతి. ఒళ్ళో ఉన్న నోటు పుస్తకంలో, రంగులు పూసి అమ్ముతున్న ఈ పాత యుద్ధం ఫిల్ము గురించి నాలుగు పేజీలు నిండాయి. శబ్దం గురించి ఒక పేజీ: అన్ని తుపాకులకీ ఒకే చప్పుడు తెచ్చి అతికించారు, పెద్ద ఫిరంగి పేలినా చిన్న తుపాకీ పేలినా తలుపు వేసినట్టే ఉంది. కొలత గురించి అర పేజీ: పాత ఫిల్ము నలుచదరం, ఇప్పటి టీవీ అడ్డంగా పొడుగు, దానికి సరిపెట్టడానికి పైనా కిందా కోసేశారు, సగం మంది సైనికులకి టోపీలు లేవు. వేగం బాగు చేశారు, మనుషులు బాతుల్లా పరిగెత్తకుండా మనుషుల్లా నడుస్తున్నారు, అది మెచ్చుకోవాలి. గీతలూ మచ్చలూ తుడవడంలో మాత్రం చేయి ఆగలేదు, మొహాలు మైనం బొమ్మల్లా తేలాయి. తెర కింద వచ్చే అక్షరాల్లో తప్పులు నలభై మూడు, అవన్నీ సమయంతో సహా రాసుకున్నాడు, ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన కన్ను అక్షరాన్ని వదలదు. ఐదో పేజీ పైన 'రంగులు' అని రాసి కింద గీత గీశాడు. ఆ గీత కింద ఏమీ లేదు.

ఉండదు కూడా. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా అతని కళ్ళకి పుట్టుకనుంచే తెలియదు. ఈ మాట తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురు. ఒకడు తను. ఇంకొకరు ఎప్పుడో రైల్వే ఉద్యోగానికి పరీక్ష చేసిన డాక్టరు, ఈపాటికి పోయి ఉంటాడు. మూడో మనిషి పదకొండు నెలల కింద ఈ ఇంట్లోంచి వెళ్ళిపోయిన అతని భార్య. ఆ డాక్టరు చుక్కల పుస్తకం ఒకటి ముందు పెట్టి ఇందులో ఏ అంకె ఉంది అన్నాడు, చుక్కలున్నాయి అన్నాడు తను, చుక్కలు ఉన్నాయయ్యా, అంకె ఏది అన్నాడు ఆయన, ఇరవై ఒక్కేళ్ళ తను వెనకాల వరసలో ఉన్నవాళ్ళంతా ఆగిపోయి చూస్తుంటే ఆ చుక్కల్లో అంకె కోసం వెతుకుతూ చెమటలు కక్కాడు. ఎనిమిది అని చెప్పాడు చివరికి. డాక్టరు జాలిగా పుస్తకం మూసేశాడు. సిగ్నలు దీపం ఏదో తెలియనివాడికి రైలు ఇవ్వరు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం చదివే పని దొరికింది, అదే అన్నం పెట్టింది. పెళ్ళయిన మూడోరోజున ఆమెకి చెప్పాడు, దాచుకున్న జబ్బేదో చెబుతున్నట్టు గోడవైపు తిరిగి. ఆమె నవ్వలేదు. దారాలూ బొత్తాలూ అమ్మే కొట్లో పనిచేసిన మనిషి, ఆకుపచ్చలే అరవై రకాలు తెలిసిన మనిషి, కాసేపు ఆలోచించి, "అయితే ఇకనుంచి మీ చొక్కాలు నేనే కొంటానండి" అంది. అంతే. ఇరవయ్యారేళ్ళూ ఆమె కొన్న చొక్కాలే తొడుక్కున్నాడు, అవి ఏ రంగువో ఒక్కసారీ అడగలేదు.

ట్యాంకు లేచింది, తెగింది. సంగీతం ఆపేయాలని రిమోటు తీసుకున్నాడు, తీసుకుని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు, ఎందుకంటే ఈ సోఫాలో ఆ కుడిచివర ఇప్పటికీ కొంచెం లోతుగా ఉంది, పద్నాలుగేళ్ళు ఒక మనిషి కాళ్ళు పైకి ముడుచుకుని అక్కడే కూర్చుంది. పత్రిక ఆఫీసుకి మొదటి డిస్కుల సెట్ వచ్చినప్పుడు దాన్ని తీసుకునేవాళ్ళు లేరు. సినిమాల కాలమ్ రాసేవాడు మానేశాడు, పాత యుద్ధం ఫిల్ముకి ఎవరో రంగులు పూసి నాలుగు డిస్కులు అమ్ముతున్నారు, అది అప్పటి ఎడిటర్ బల్ల మీద మూడు వారాలు పడి ఉంది, చివరికి ప్రూఫులు ఇచ్చి వెళ్తున్న తన చేతిలో పెట్టాడాయన, "మీరు చూసి నాలుగు ముక్కలు రాయండి" అన్నాడు. వద్దనడానికి నోరు రాలేదు. ఇంటికి తెచ్చి పెట్టుకుని, ఇదిగో, ఇలా రా, కాసేపు కూర్చో అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. తెర మీద కుర్రాళ్ళు వరసగా పొలాల్లోంచి నడుస్తున్నారు. "గడ్డి మరీ పచ్చగా ఉందండి" అంది. "ఉంటే ఏం?" "వానలు వెనకబట్టాయి, గుర్రాలకి మేత లేదు అని ఇప్పుడే కదా చెప్పాడు ఆ చెప్పేవాడు. ఇంత పచ్చిక ఉంటే గుర్రాలు ఎందుకు చస్తాయి?" అతను ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. ఇంకో చోట మంచులో కవాతు. "అందరికీ ఒకే మొహం రంగు పూశాడు. ఇంత చలిలో ఒక్కడికీ జలుబు చేయలేదా, ఒక్క ముక్కూ కందలేదే" అంది. అదీ రాసుకున్నాడు. "వంతెనకి ఇటున్నప్పుడు ఒక ఖాకీ, అటు దిగేసరికి ఇంకో ఖాకీ. మధ్యలో ఎక్కడ మార్చుకున్నారు బట్టలు?" రాసుకున్నాడు. "మొహాలకి వేసి చేతులు మర్చిపోయారండి. చూడండి, ఆ ఉత్తరం రాసుకుంటున్న పిల్లాడి చేతులు బూడిదరంగులో అలాగే ఉన్నాయి, పాపం." పాపం అనేది తీసేసి మిగతాది రాసుకున్నాడు. ఆ నెల ఆ కాలమ్‌కి పదిహేడు ఉత్తరాలొచ్చాయి. ఇంతటి కంటిచూపు ఎక్కడ దాచారు అని ఎడిటర్ అందరి ముందూ భుజం తట్టాడు. అప్పుడే చెప్పేయాల్సింది. ఆ ఒక్క నిమిషం. నోరు తెరిచాడు కూడా, టీ తెచ్చినవాడు అడ్డం వచ్చాడు, గ్లాసు అందుకున్నాడు, ఆ నిమిషం పోయింది. తర్వాత నెల ఇంకో సెట్, ఆ తర్వాత ఇంకోటి, ప్రతి సమీక్షతోటీ ఆ మాట చెప్పడం ఇంకాస్త కష్టమైంది. తర్వాత్తర్వాత అమ్మకానికి వచ్చే పెట్టెల మీద అతని మాటలే అచ్చు వేసుకునేవారు, ఫలానావారు మెచ్చిన రంగులు అని.

ఈ పదకొండు నెలలూ తప్పించుకున్నాడు. రంగులు వేయని సెట్లు ఏరుకుని రాశాడు, నలుపు తెలుపులోనే నిజముందని పెద్దమాటలు రాశాడు, రెండు నెలలు జ్వరమన్నాడు. ఈసారి కుదరలేదు. ఆరు డిస్కులు, అంతా కొత్తగా చేశారట, మనుషులు కాకుండా యంత్రమే రంగు ఎంచుకుందట, నిజంగా బాగుందా డబ్బులు దండగా అని పాఠకులు అతన్నే అడుగుతున్నారు. నిన్న ఒక ఉపాయం తోచి ఫోన్లో రంగులు చెప్పే యాప్ ఒకటి ఎక్కించుకున్నాడు. తెరని ఆపి ఫోను దగ్గరగా పెట్టాడు. ఒక ఆడగొంతు "గోధుమ రంగు" అంది. ఇంకోచోట పెట్టాడు. "గోధుమ రంగు." జెండా మీద పెట్టాడు. "ముదురు గోధుమ రంగు." ఆకాశం మీద పెడితే "నీలం" అంది, అది తనకీ తెలుసు, నీలానికి అతని కళ్ళతో పేచీ లేదు. ఒక సైనికుడి చెంప మీద పెడితే ఆ గొంతు కాసేపు ఆలోచించి "మళ్ళీ ప్రయత్నించండి" అంది. పాపం అనడం దానికి రాదు. యాప్ తీసేశాడు.

అబద్ధం రాయొచ్చు. అంత కష్టమేం కాదు. ఆమె మాటలన్నీ కంఠతా వచ్చు, ఏ సెట్లో అయినా ఎక్కడో ఒకచోట గడ్డి మరీ పచ్చగానే ఉంటుంది, ఎక్కడో ఒకచోట చేతులు మర్చిపోయే ఉంటారు. కలం తీసి 'మంచులో ఎవరి ముక్కూ కందలేదు' అని రాశాడు. రెండో డిస్కులో మంచు ఉంది కదా. రాసి చూసుకున్నాడు. అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క తప్పు లేదు, ఏ ప్రూఫ్ రీడరూ దీన్ని పట్టుకోలేడు. కానీ ఈసారి యంత్రం నిజంగానే ముక్కులకి కందిన రంగు వేసిందేమో, లేదా యంత్రం వేసినదాన్ని దిద్దుతూ ఏదో ఒక గదిలో ఎవరో కూర్చుని, ఈ కుర్రాడికి చలేస్తోంది అనుకుని ఆ ముక్కు చివర కాస్త రంగు అద్దారేమో, ఆ అద్దిన మనిషి పొద్దున్నే పత్రిక తెరిచి ఈ వాక్యం చదువుతాడేమో. కొట్టేశాడు. రెండుసార్లు కొట్టేశాడు.

అచ్చయిన తన పుస్తకం అల్మారాలో ఉంది, లేచి చూడక్కర్లేదు. పద్నాలుగేళ్ళ సమీక్షల్లోంచి అరవై ఏరి పత్రికవాళ్ళే వేశారు, అట్టమీద అతని ఫోటో. మొదటి ప్రతి ఇంటికి తెచ్చినప్పుడు ఆమె తడి చేతులు పొడిగుడ్డకి తుడుచుకుని మరీ పట్టుకుంది. లోపలి పేజీలు తిప్పలేదు, కృతజ్ఞతలు ఎక్కడ అని వెతికింది. ఆ పేజీ తనే దిద్దాడు, నాలుగుసార్లు. పాత ఎడిటర్ ఉన్నాడు, కొత్త ఎడిటర్ ఉన్నాడు, డిస్కులు తెప్పించే కొట్టు యజమాని ఉన్నాడు, ప్రెస్సులో పేజీలు కట్టినవాడున్నాడు, వేళకి టీవీ బాగుచేసి పెట్టిన మెకానిక్ కూడా ఉన్నాడు. ఆమె లేదు. మర్చిపోయి కాదు. భార్యకి అని ఒక్క ముక్క వేస్తే దేనికి అని ఎవరైనా అడుగుతారేమోనని భయం. అడిగేవాళ్ళా? ఎవరూ అడగరు, అన్ని పుస్తకాల్లోనూ భార్యలుంటారు, ఎవరు అడిగారు కనుక. దొంగకి తన నీడే పోలీసులా కనిపించినట్టు ఆ ఒక్క పేరూ అతనికి అలా కనిపించింది. ఆమె పేజీని పైనుంచి కిందకి వేలుపెట్టి చదివింది, వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకు తిప్పింది. "టీవీ మెకానిక్ కూడా ఉన్నాడండి" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత చెల్లెలి ఇంటికి వారం రోజులు వెళ్ళొస్తానంది. వారం అయ్యాక అక్కడే ఒక కొట్లో పనికి చేరానని ఫోన్ చేసింది. ఎప్పుడొస్తావు అని అడగలేదు అతను, బట్టలు పంపించనా అని అడిగాడు. ఎందుకలా అడిగాడో ఇవాళ్టికీ తెలియదు.

కానీ పుస్తకం ఒక్కటే కాదు, అది అతనికి ఆ తర్వాత తెలిసింది. ఇల్లంతా ఒక్కడే అయ్యాక, వేరే పని లేక, అచ్చయిన పుస్తకాన్ని మళ్ళీ ప్రూఫులు దిద్దినట్టు మొదటినుంచి చదివాడు, తప్పులు వెతుక్కుంటూ. నూట పన్నెండో పేజీలో ఆగాడు. 'క్షతగాత్రుల మీద కప్పిన దుప్పట్ల రంగు నమ్మదగినట్టుగా ఉంది.' ఏ తప్పూ లేదు వాక్యంలో. కానీ ఆ రోజు గుర్తొచ్చింది. అత్తయ్య పోయి ఆరు రోజులైంది. సమీక్షకి గడువు దగ్గరపడింది. ఇదిగో, కాసేపు కూర్చుంటావా అని తనే పిలిచాడు, ఆమె వచ్చి ఆ చివర కూర్చుంది. తెర మీద ఆసుపత్రి గుడారం, వరసగా మంచాలు, కొందరి మీద దుప్పటి మొహం దాకా లాగి ఉంది. ఇవేం రంగు అన్నాడు. ఆమె వెంటనే చెప్పలేదు. ఏం రంగు, మళ్ళీ అడిగాడు, కలం పట్టుకుని. "సరిగ్గా వేశారండి" అంది. "అమ్మ మీద కప్పింది ఇదే రంగు." అతను రాసుకున్నాడు. అమ్మ అన్న ముక్క తీసేసి మిగతాది రాసుకున్నాడు. ఆ తర్వాత ఆమె ముక్కు చీదిన చప్పుడు వినిపించింది, జలుబు చేసిందేమో అనుకున్నాడు, నిజంగా అలాగే అనుకున్నాడు, తర్వాతి దృశ్యంలో జెండా ఏం రంగు అని అడిగాడు. ఆమె చెప్పింది.

ట్యాంకు లేస్తోంది. ఈసారి రిమోటు నొక్కి సంగీతం ఆపాడు. ఆపగానే ఇల్లు మరీ పెద్దదైపోయింది, వంటగదిలో కుళాయి చుక్క చుక్క పడటం, కింద వీధిలో ఎవరో షట్టరు ఎత్తడం, పక్కింట్లో కుర్చీ జరపడం, అన్నీ వినిపించాయి. నాలుగూ ఇరవై. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. క్షమించమని అడగడానికి అని తనకి తాను చెప్పుకున్నాడు, కానీ నంబరు నొక్కుతుంటే మనసులో ఉన్నది అది కాదు.

"చెప్పండి" అంది ఆమె. వెనకాల రేకు డబ్బాల చప్పుడు.

"పనిలో ఉన్నావా?"

"బొత్తాలు వేరుచేస్తున్నాను. ఫరవాలేదు, చెప్పండి. ఒంట్లో బాగుందా?"

"బాగుంది. ఆరు డిస్కుల సెట్ ఒకటొచ్చింది."

"ఊఁ."

"ఐదున్నరకి ఇచ్చేయాలి. నువ్వు ఒక్క పది నిమిషాలు చూస్తే చాలు. ఫోను తెరకి ఎదురుగా పట్టుకుంటాను, వీడియోలో కనిపిస్తుంది."

డబ్బాల చప్పుడు ఆగింది. "ఫోన్లో రంగులు సరిగ్గా రావండి" అంది. "దారం కూడా అంతే. ఫోన్లో చూసి కొన్నవాళ్ళు రెండోరోజే వెనక్కి తెస్తారు." ఆ తర్వాత, "పదకొండు నెలలకి ఇందుకా ఫోన్ చేశారు?" అంది. గొంతులో కోపం లేదు. ఒక సంగతి సరిచూసుకుంటున్నట్టు అడిగింది.

కాదు అనొచ్చు. ఆమెతో కూడా అబద్ధం మొదలుపెడితే ఇంక ఎక్కడ ఆగుతాడు. "ఇందుకే" అన్నాడు. అని, ఫోను పెట్టేస్తుందేమోనని గబగబా, "దుప్పట్ల గురించి చదివాను" అన్నాడు.

"ఏ దుప్పట్లు?"

"పుస్తకంలో. అత్తయ్య చనిపోయిన వారంలో నేను రాసింది. నువ్వు చెప్పినదాంట్లో సగం తీసేశాను. నువ్వు ఏడుస్తున్నావని నాకు తెలియలేదు. తెలియలేదంటే, వినిపించింది. అర్థం చేసుకోలేదు."

"అది అచ్చయిన నాడే చదివానండి నేను" అంది. "మీరు రాసినవన్నీ చదివేదాన్ని. నా మాటలు అచ్చులో ఎలా ఉన్నాయో చూసుకోవాలని సరదా. చాలావరకు మార్చేవారు కాదు, పాపం లాంటివి తీసేసేవారు, అంతే. నాకు బాగుండేది. పత్రిక వచ్చిన రోజు వంట చేస్తూ మధ్యమధ్యలో వచ్చి చదువుకునేదాన్ని. ఆ ఒక్కసారే, అక్కడ అమ్మ ఉంటుందేమోనని చూశాను."

పద్నాలుగేళ్ళు ప్రతి నెలా ఆ పత్రిక ఈ ఇంటికే వచ్చింది, ఆమె చదవడం ఎన్నడూ చూడలేదు.

"తప్పు చేశాను" అన్నాడు.

"ఊఁ" అంది, పర్లేదని కాదు, విన్నానని.

"ఇవాళ ఎడిటర్‌కి చెప్పేస్తాను. నా కళ్ళ సంగతి, రంగులన్నీ నీవేనన్న సంగతి. పత్రికలోనే వేయమంటాను, నీ పేరుతో."

"మీ కళ్ళ సంగతి చెప్పుకోండి. నా సంగతి వద్దండి."

"అదేమిటి? నువ్వే కదా..."

"అప్పుడు ఉండాలనుకున్నాను ఆ పేజీలో. అప్పుడు ఉంటే నలుగురికీ చూపించుకునేదాన్ని. ఇప్పుడు వేస్తే, మొగుడు ఇన్నేళ్ళు దాచాడట అని ఈ కొట్టుకి వచ్చేవాళ్ళు నన్ను చూసిపోతారు. ఇక్కడ నన్ను రంగులు బాగా కలిపే మనిషి అంటారు. అది చాలు నాకు." మళ్ళీ డబ్బా మూత తీసిన చప్పుడు. ఇంక పెట్టేస్తుంది అనుకున్నాడు. "ఒకటి అడగనా?" అంది.

"అడుగు."

"మీకు నేనెలా కనిపించేదాన్ని? ఎప్పుడూ అడగలేదు. మీరు అడిగినదానికి చెప్పడమే అలవాటైపోయింది."

ఇంతకాలమూ ఎవరూ అతన్ని ఏం కనిపిస్తోంది అని అడగలేదు, ఆ చుక్కల డాక్టరు తర్వాత. కళ్ళు మూసుకున్నాడు. "నీ మొహం రంగు నాకు తెలియదు" అన్నాడు నెమ్మదిగా. "కోపమొస్తే మొహం ఎర్రబడుతుందంటారు, అది నాకు ఎప్పుడూ కనపడలేదు. అందుకని నీకు కోపం తక్కువ అనుకునేవాణ్ణి. నవ్వొచ్చే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబడతావు. ఇష్టం లేని పని చేయాల్సొస్తే ముందు గాజులు వెనక్కి తోసుకుంటావు. నడిచేటప్పుడు కుడి మడమ పూర్తిగా ఆనించవు."

"అది చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డాను."

"తెలుసు. మీ చెల్లెలు చెప్పింది. దారం సూదికి ఎక్కించేటప్పుడు నాలిక కొద్దిగా బయటపెడతావు, ఎవరైనా చూస్తే లోపలికి తీసుకుంటావు. నేను చూస్తున్నానని నీకు తెలియకూడదని పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి."

లైను తెగిందేమోనని ఫోను చెవినుంచి తీసి చూశాడు, అంకెలు నడుస్తూనే ఉన్నాయి.

"ఇవన్నీ చూసేవారా?" అంది.

"చూసేవాణ్ణి."

"మరి చెప్పలేదేం?"

నువ్వు అడగలేదు కదా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అది నిజం కూడా. కానీ ఆ మాట అంటే మళ్ళీ తప్పు ఆమె మీదకే వెళ్తుంది. "తెలియదు" అన్నాడు.

"ఎవరో వచ్చారు. ఉంటానండి" అంది. పెట్టబోతూ, "చొక్కాలు ఎవరు కొంటున్నారు?" అంది.

"అన్నీ తెల్లవే కొనుక్కున్నాను."

అవతల ఒక్క క్షణం ఊపిరి ఆగింది. అతను విన్నాడు. కానీ నవ్వు వచ్చిందో లేదో తెలియకుండానే ఫోను ఆగిపోయింది. తిరిగి రమ్మని అడగలేదు అతను. అడిగే చోటు ఆమె ఎక్కడా ఇవ్వలేదు, వెతికినా అతనికి దొరకలేదు. కొట్లో ఆమె ఎవరికో ఇప్పుడు దారాల కార్డు తిప్పి చూపిస్తూ ఉంటుంది, ఇది కాదమ్మా, ఎండలోకి తీసుకెళ్ళి చూడండి అంటూ ఉంటుంది, అది ఆమె ఊరు, ఆమె బల్ల, ఆమె వెలుతురు.

ఆరో డిస్కు పెట్టాడు. పెట్టెలోంచి తీయడం కష్టమైంది, అట్ట అర మరీ బిగుతు, రెండోసారి తీసేసరికి గీతలు పడతాయి, అది రాసుకున్నాడు. అలవాటు. యుద్ధం అయిపోయాక సంగతులు ఈ డిస్కు నిండా. కూలిన గోడలు, గోడల మధ్య బట్టలారేసుకుంటున్న ఆడవాళ్ళు, ఆ బట్టలకి ఏ రంగులు వేశారో, బహుశా ఇక్కడే బాగా వేసి ఉంటారు, ఇక్కడ రంగులుండాలి. ఐదుకి ఫోను మోగింది. తెరని ఆపాడు.

"ఎంతవరకు వచ్చింది మాస్టారూ?" ఎడిటర్ గొంతు వెనక ఆఫీసు గోల.

"అయిపోవచ్చింది. రంగుల గురించి మాత్రం రాయలేను. నాకు రంగులు సరిగ్గా కనపడవు. ఎరుపూ ఆకుపచ్చా ఒకటే నాకు, పుట్టుకనుంచీ."

ఎడిటర్ నవ్వాడు. "ఊరుకోండి మాస్టారూ, ప్రెస్సు టైములో." అతను ఊరుకునే ఉన్నాడు. నవ్వు తనంతట తనే ఆగిపోయింది. "నిజమా? మరి ఇన్నేళ్ళూ ఆ ముక్కులూ, ఆ ఖాకీలూ?"

"ఒకరు పక్కన కూర్చుని చెబితే రాశాను."

"ఎవరు?"

"చెప్పొద్దన్నారు."

ఎడిటర్ తలుపు మూసుకున్నట్టున్నాడు, గోల తగ్గింది. "పోనీ వాళ్ళనే ఒకసారి చూసి చెప్పమనండి. ఈ ఒక్క నెలా."

"అడిగాను. కుదరదు."

"రంగులేసిన సినిమా మీద రంగులు తెలియదని రాస్తే ఎవరు చదువుతారండి? పెట్టెల మీద మీ మాటలు వేసుకున్నవాళ్ళు ఊరుకుంటారా?" అతని గొంతులో కోపం కన్నా నీరసం ఎక్కువ ఉంది. మంచివాడే. "సరే, పేజీ ఖాళీగా వదల్లేను కదా. ఆరుదాకా ఆపుతాను, ఉన్నది పంపించండి. వచ్చే నెల సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

తర్వాత మాట్లాడుకుందాం అంటే ఏమిటో ముప్ఫై ఏళ్ళు ఆ ఆఫీసులో కూర్చున్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అలాగే అన్నాడు. ఫోను పక్కన పెట్టాక భయపడాల్సినంత భయం వేయలేదు, దాని బదులు ఆకలి వేసింది, మధ్యాహ్నం తిన్నాడో లేదో కూడా గుర్తులేదు. పద్నాలుగేళ్ళ కాలమ్ నాలుగు నిమిషాల్లో పోయింది. దాన్ని పోగొట్టుకున్నందుకు బాధపడదామన్నా అందులో సగం తనది కాదు. మిగిలిన సగమైనా, ఆ శబ్దాలూ ఆ కొలతలూ, వాటి గురించి ఒక్క ఉత్తరమూ ఎవరూ రాయలేదు. సినిమా నడిపించాడు.

స్టేషను. రైలు ఆగింది, తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి, సంచులు, భుజాలు, చేతికర్రలు, పరిగెత్తుతున్న ఆడవాళ్ళు, ఎవరి మెడ ఎవరు కావలించుకున్నారో తెలియనంత గుంపు. ఒక ముసలాయన తన కొడుకు అనుకుని వేరేవాడి చేయి పట్టుకుని, మొహం చూసి వదిలేశాడు. వాడు ఏమీ అనుకోకుండా ఆయన భుజం మీద చేయి వేసి ముందుకు నడిచాడు. గుంపు పల్చబడింది. కుడివైపు స్తంభం పక్కన ఒకామె. కోటు తొడుక్కుంది, రెండు చేతులతో చిన్న సంచి పట్టుకుంది. రైలు వైపు చూస్తోంది. దిగేవాళ్ళు అయిపోయారు. ఒక ఉద్యోగి తలుపులు మూసుకుంటూ వస్తున్నాడు, ఒక్కొక్క తలుపు, ఆమె ప్రతి తలుపునూ మూసేదాకా చూస్తోంది. అతను ముందుకు వంగాడు. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది, ఆ ఉద్యోగిని ఏదో అడగబోయి మానుకుంది, సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది, అది బరువుగా లేదు, ఖాళీ సంచి, వచ్చేవాడి సామాను కొంచెం తను మోయొచ్చని తెచ్చుకుంది. తెర అడుగున నడుస్తున్న సెకన్ల అంకెలు చూశాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. గుంపు తెరమీంచి పోయాక ఆమె ఒక్కతే ఉన్నది పదిహేడు సెకన్లు. మళ్ళీ చూశాడు. పదిహేడే. ఆపాడు, ఆమె ఆగిపోయింది.

కలం తీసి, 'రంగులు' అన్న మాట కింద రాయడం మొదలుపెట్టాడు, చేయి ఎక్కడా ఆగలేదు. ఈ సమీక్ష రాస్తున్నవాడికి ఎరుపు, ఆకుపచ్చ కనపడవు. ఇంతకుముందు ఇక్కడ రంగుల గురించి చదివినవన్నీ నిజమే, కానీ అవి నేను చూసినవి కావు. ఈ సెట్ రంగులు మంచివో కాదో కొనేముందు కళ్ళున్న ఎవరినైనా అడగండి. నాకు కనిపించినది ఒక్కటి చెబుతాను. ఆరో డిస్కులో, ముప్ఫై ఎనిమిదో నిమిషంలో, స్టేషనులో ఒకామె నిలబడి ఉంటుంది. ఆమె కోటు రంగు సరిగ్గా వేశారో లేదో నాకు తెలియదు. రైలు ఖాళీ అయ్యాక కూడా ఆమెను పదిహేడు సెకన్లు తెర మీద ఉంచారు. అంతకు తక్కువైతే ఆమె ఎవరికోసమో చూస్తోందని మనకి తెలిసేది కాదు. ఈ ఫిల్ము కత్తిరించి అతికించిన మనిషికి ఆ కాస్త నిడివి మీద కత్తెర వేయడానికి మనసు రాలేదు. నేనైతే ఆ పదిహేడు సెకన్ల కోసం ఈ ఆరు డిస్కులూ ఇంట్లో ఉంచుకుంటాను. ఆమె చేతిలో సంచి ఖాళీది, పాపం.

మొత్తం ఫోన్లోకి ఎక్కించి, పైనుంచి కిందకి ప్రూఫు చూసినట్టు చూశాడు. చివరి మాట దగ్గర కొట్టేయడానికి వేలు వెళ్ళింది. వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది. పంపించాడు. ఆరుకి ఇంకా పది నిమిషాలుంది. తెర మీద ఆమె అలాగే ఉంది, సంచి పట్టుకుని. ఆమె తర్వాత ఇంకా పన్నెండు నిమిషాల సినిమా ఉంది. సమీక్ష వెళ్ళిపోయింది, ఇంక చూసి రాయాల్సింది ఏమీ లేదు. అతను నోటు పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, సోఫాలో తన చివరనే సర్దుకుని కూర్చుని, సినిమాని నడవనిచ్చాడు.